సుగ్గికి వేలాడే దారాలు

నవ్వించేవానికి ఊరు కావాల. ఊరు లేకుంటే వాడు ఒట్టి వాగుడుకాయ. ఈ సంగతి నాకు ఏటేటా దీపావళి దాటినాక బాగా తెలిసొస్తుంది.

మాది ఆదోని దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. వాన పడితే పత్తి, పడకుంటే తిట్లు. పత్తి తీయడం కాగానే ఊరంతా సుగ్గికి పోతుంది. సుగ్గి అంటే ఇంటిల్లిపాదీ గుంటూరు పక్క మిరపకోతలకు కూలికి పోయి, ఎండలు ముదిరేదాకా ఆడనే గుడిసెలు వేసుకొని ఉండడం. బియ్యం మూటలు, చట్లు, కోళ్లు, పిల్లలు, అన్నీ టెంపో ఎక్కుతాయి. ఎక్కనివి ముసలోళ్లు, కుక్కలు, నేను.

నేను ఎక్కకపోవడానికి కారణం నా కాలు. ఐదో తరగతిలో బడి మానేసి బేతంచెర్లకు పోయి బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేరినాను. కొన్నేళ్లకు ఒక బండ నా ఎడమ పాదం మీద పడింది. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి ముందు బండను చూసినాడు. పగల్లేదు. "మంచి సరుకప్పా" అన్నాడు. ఆ తర్వాత నన్ను చూసినాడు. పొద్దంతా చేలో వంగి నిలబడే పని ఇంక నాతో కాదని తేలినాక ఊరికొచ్చి, బస్సు ఆగేచోట అంగడి పెట్టుకున్నాను. పొద్దున ఉగ్గాని, బజ్జీ. మిగిలిన పొద్దంతా టీ, ఎగతాళి. టీకి దుడ్లు తీసుకుంటాను, ఎగతాళి ఊరికే.

సుగ్గి నెలల్లో ఆ ఊరికే ఇచ్చేదాన్ని కూడా తీసుకునే మనిషి ఉండడు. వీధి పొడుగునా తాళాలు. కొళాయి దగ్గర కొట్లాట లేదు. బస్సు వస్తుంది, అంగడి ముందు నిదానిస్తుంది, కండక్టరు తల బయటపెట్టి చూసి విజిల్ వేస్తాడు, బస్సు పోతుంది. ఒకసారి పొద్దుపోక కుక్కకు జోకు చెప్పినాను. తోక ఊపింది. అది నవ్వు కాదు, ఉగ్గాని కోసం.

మా బడికి కొత్త సార్ వచ్చింది ఒక జూన్ నెలలో. మైదుకూరు మనిషి, చేనేత ఇంటి పిల్లోడు, పెళ్లి కాలేదు. బస్సు దిగి మా అంగడి దగ్గరే మొదటి మాట అడిగినాడు. "అన్నా, ఈడ బాడుగకు ఇల్లు దొరుకుతాదా?"

"దీపావళి దాకా దొరకదు సార్. దాటినాక ఊరంతా దొరుకుతాది. యా ఇల్లు కావాలంటే ఆ ఇల్లు."

నవ్వినాడు గానీ అర్థమై నవ్వలేదు. ఆయనకు నవ్వు ఆలస్యంగా వస్తుంది. నేను మధ్యాహ్నం చెప్పినదానికి సాయంత్రం నవ్వేవాడు. ఈ మాటకు మాత్రం నవంబరు నెలలో వచ్చి నా బెంచీ మీద కూర్చుని, "ఇప్పుడు అర్థమైందన్నా" అన్నాడు. అప్పుడు ఆ మొహంలో నవ్వు లేదు.

బడి పేరెంట్స్ కమిటీకి నేను చైర్మన్. చదువు చూసి ఇచ్చిన పదవి కాదు. మీటింగుకు టీ తెచ్చేవాడు ఎట్లాగూ వస్తాడు కదా అని ఇచ్చినారు. ఆ హోదాలో నేను మొదటిసారి బళ్లోకి టీ పట్టుకుపోయిన రోజు సార్ గోడకు మేకులు కొడుతున్నాడు. ఇంటి నుంచి మగ్గం మీద మిగిలిన దారపు ముక్కలు సంచి నిండా తెచ్చుకున్నాడు. రంగు రంగులవి. ఒక్కో పిల్లకు ఒక్కో దారం.

గోడ మీద అడ్డంగా సున్నంతో గీతలు గీసినాడు. అన్నిటికన్నా అడుగు గీత అక్షరాలు. దాని పైన మాటలు. ఇంకా పైన వాక్యం, ఆ పైన కథ. అన్నిటికన్నా పై గీత, చదివిన కథను పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పడం. ఎడమ నుంచి కుడికి నెలలు. నెల నెలా ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని చదివించి, ఆ నెల ఎంతవరకు వచ్చిందో ఆడ మేకు కొట్టి దారం చుట్టేవాడు.

"మీ అమ్మ మగ్గం మీద చీరలు నేస్తే మీరు గోడ మీద పిల్లోళ్లను నేస్తాండారే సార్."

"మార్కులు చూస్తే పిల్ల యాడుందో తెలుస్తాదన్నా. నాకు అది చాలదు. యాడ బయలుదేరి యాడికి వచ్చిందో తెలియాల. ఇద్దరికీ ముప్పై మార్కులే వచ్చినాయనుకో. ఒకడు నలభై నుంచి జారినోడు, ఇంకొకడు సున్నా నుంచి ఎక్కినోడు. ఇద్దరూ ఒకటేనా?"

"నేను ఐదో తరగతిలో జారినోన్ని సార్. మేకు కొట్టేదానికి అప్పుడెవరూ లేరు" అన్నాను. ఆయన దానికి ఆ సాయంత్రం కూడా నవ్వలేదు.

మా కూతురు అప్పుడు నాలుగో తరగతి. దాని దారం పసుపుపచ్చ. జూన్ నెలలో అడుగు గీత మీద, పత్తి చేలో పడిపోయిన పుల్ల మాదిరి ఉండేది. దసరాకు మాటల గీత దాటింది. టీ అడిగినా అడక్కపోయినా రోజూ పట్టుకుపోయేవాన్ని. సార్‌కు ఇచ్చినట్లే ఇచ్చి, కంటి కొసతో పసుపు దారం చూసుకొని వచ్చేవాన్ని. మా ఇంట్లో మిరపకాయ ధర తప్ప ఇంకేదీ పైకి పోవడం నేను అంతకుముందు చూడలేదు.

మధ్యలో ఒక ముచ్చట జరిగింది. మా ఊళ్లో దర్గా ఉంది. అందరిళ్లవాళ్లూ, హిందువులైనా తురకలైనా, మొక్కుకొని కటకటాలకు దారం కడతారు. ఎంత పైన కడితే అంత తొందరగా పనవుతుందని మా ఊరి నమ్మకం. ఒకరోజు సార్ వచ్చి బడి తాళం తీసి చూస్తే, మూడో తరగతి పిల్లోని ఎర్రదారం అక్షరాల గీత నుంచి లేచి అన్నిటికన్నా పై మేకుకు ముడిపడి ఉంది. దానికి పసుపు, కుంకుమ. పక్కన అగరబత్తి పుల్ల.

ఆ పిల్లోని అవ్వను పిలిపించినాడు. బడి ఊడ్చేది ఆమే. తాళం చెవి ఆమె దగ్గరే ఉంటుంది.

"ఏమవ్వా, ఇట్ల చేస్తివి?"

"నువ్వు కట్టేది కిందనే కడితివి కదప్పా. కింద కడితే యాడొస్తాది చదువు? నా మనవడు బాగుపడితే నీకేమి బాధ?"

"అది మొక్కు కాదవ్వా."

"మొక్కు కాకుంటే దారమెందుకు?"

సార్ నావైపు చూసినాడు. నేను, "ఆమె అడిగినదాంట్లో తప్పేముంది సార్, ఈడ అందరం దారం అందుకే కడతాం" అన్నాను. ఆ ఎర్రదారాన్ని విప్పి కిందికి తెచ్చేటప్పుడు అవ్వ కళ్లు మూసుకుంది. కానీ ఆ రోజు నుంచి మనవన్ని చెవి పట్టుకొని బడికి ఈడ్చుకొచ్చేది. దర్గాకు పోయినా బడికి పోయినా కట్టింది నిలబడాలని ఆమె పట్టుదల.

ఆ ఏడు సుగ్గికి టెంపోలు వచ్చినాయి. నా భార్య చంకలో సంటోడు, నెలల పిల్లోడు. వాన్ని చేను గట్టున చూసుకునేదానికి కూతురు పోవాల. అట్లా ఊరిలో ప్రతి ఇంటిదీ ఒక లెక్క ఉంది, ప్రతి లెక్కకూ ఒక పిల్ల కావాల. టెంపో వెనక తలుపు వేసేటప్పుడు మా కూతురు, "నాయనా, నా దారం చూస్తాండు" అని చెప్పింది.

చూసినాను. బళ్లో మిగిలిన పిల్లలు ఒక బెంచీకి సరిపోయేవాళ్లు. గోడ మీద పోయినోళ్ల దారాలన్నీ దీపావళి మేకు దగ్గర ఆగి, అక్కణ్నుంచి కొసలు కిందికి వేలాడుతున్నాయి. తలుపు తీస్తే గాలికి అన్నీ ఒకేసారి ఊగేవి, మూసేస్తే ఆగేవి. నేను టీ గ్లాసు సార్ ముందు పెట్టి, గోడ దగ్గరికి పోయి, పసుపు కొసను కాసేపు చేతిలో పట్టుకొని వదిలేసేవాన్ని. సార్ చూసీ చూడనట్లు ఉండేవాడు. సాయంత్రాలు ఇద్దరం అంగడి బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఆయన మైదుకూరులో వాళ్లమ్మ మగ్గం చప్పుడు గురించి చెప్పేవాడు. నిద్రపోయేటప్పుడు కూడా ఆ చప్పుడు ఉండేదంట. ఈడ నిద్ర పట్టడం లేదంట.

"మా ఊళ్లో ఇప్పుడు చప్పుడు కావాలంటే నా నోరొక్కటే సార్."

"అందుకే వస్తాండా అన్నా" అన్నాడు.

ఉగాది దగ్గరపడినాక ఊరు తిరిగొచ్చింది. మా కూతురు నల్లబడి వచ్చింది. చంకలో తమ్ముడు దిగకుండా, నడుము ఒక పక్కకు వాలి నడవడం నేర్చుకొని వచ్చింది. సార్ చదివించినాడు. మేకు కొట్టినాడు. వేలాడుతున్న కొసను పట్టుకొని కొత్త మేకుకు కట్టినాడు. మాటల గీత కింద, దాదాపు జూన్ నెలలో ఉన్నచోటనే. సుగ్గికి పోయొచ్చిన పిల్లలందరిదీ అంతే.

"నాయనా, నా దారం ఎందుకు కిందికి వచ్చింది?"

నా దగ్గర ప్రతిదానికీ ఒక మాట ఉంటుంది. "గోడ కుంగిందిలేమ్మా" అన్నాను. అది నవ్వలేదు. దాని వయసు పిల్లలు నా మాటకు నవ్వకపోవడం అదే మొదలు.

తర్వాత కొద్దిరోజులకు కర్నూలు నుంచి ఆఫీసరు ఒకాయన వస్తున్నాడని కబురొచ్చింది. పరీక్ష మార్కుల్లో మా బడి మండలంలో అడుగున ఉందంట. ముందురోజు నేను సార్‌తో, "అవ్వ దారి పడదామా? రాత్రికి రాత్రి అన్నీ పై మేకులకు కట్టేస్తే ఆయన చూసి సంతోషపడి పోతాడు" అన్నాను.

"అట్ల కడితే యాడ తెగిందో కనపడదు కదన్నా. నాకు కావాల్సిందే ఆ తెగిన చోటు."

ఆఫీసరు వచ్చినాడు. మార్కుల కాగితం చూసి, మొహం పెట్టి, ఆ తర్వాత గోడ చూసినాడు. దగ్గరికి పోయి ఒక దారం వెంట వేలు పెట్టి జరిపినాడు. ఇంకొక దారం. ఇంకొకటి. వేలు ప్రతిసారీ ఒకేచోట కిందికి దిగింది.

"ఇక్కడేమైంది?"

"సుగ్గి సార్."

"అందరికీనా?"

"పోయినోళ్లందరికీ సార్. పోని పిల్లలవి కూడా చూడండి." రేషన్ డీలరు కొడుకుది, అవ్వ మనవనిది, ఇంకా ఒకటి రెండు దారాలు ఆగకుండా పైకి పోయినాయి. ఎర్రదారం వాక్యం గీత తాకింది. అవ్వ మొక్కు తీరడానికి ఇంకా రెండు గీతలే ఉన్నాయి.

ఆఫీసరు నావైపు తిరిగి, "మీరు చైర్మనా? మీరేమంటారు?" అన్నాడు.

"మా పిల్లలు మొద్దులు కాదు సార్. ఏటేటా దిగి మళ్లీ ఎక్కుతాండారు. కొండ ఎక్కేవాన్ని సగంలో రోజూ కిందికి దింపితే వానికి ఎక్కడం రాదంటారా?"

ఆయన నవ్వలేదు గానీ టీ ఇంకో గ్లాసు అడిగినాడు. నాకు అదే చాలు. ఏం కావాలని సార్‌ను అడిగితే, ఆ నెలలు పిల్లలు బళ్లోనే తిని పడుకునేదానికి ఏర్పాటు కావాలన్నాడు. బియ్యం, చాపలు, ఒక వంటామె, రాత్రి తోడు. వెంటనే ఏమీ రాలేదు. సార్ కర్నూలు ఆఫీసు చుట్టూ తిరిగినాడు, గోడను ఫోన్లో ఫోటోలు తీసుకొని పోయి చూపించినాడు. వానలు పడి పత్తి కాసేనాటికి అనుమతి వచ్చింది. వంట, రాత్రి తోడు రెండూ అవ్వకే అప్పజెప్పినారు.

ఇంక మిగిలింది ఊరిని ఒప్పించడం. ఇల్లిల్లూ తిరిగినాను. ఆడపిల్లల్ని ఒదిలిపెట్టి పోతే ఎట్లనే ఇంటికి, "అవ్వ కాపలా అప్పా, దారాన్నే పైకి ఎత్తుకుపోయినామె, నీ కూతుర్ని కింద పడనిస్తాదా" అన్నాను. మగపిల్లోడు చెప్పినమాట వినడనే ఇంటికి, "మీ మాట వింటాండాడా మరి?" అన్నాను. నవ్వినవాళ్లు సగం ఒప్పుకున్నట్లే. చివరికి అందరినీ బడి ముందర కూర్చోబెట్టినాము. అక్కడ మా వీధామె ఒకామె లేచింది.

"చైర్మనూ, అందర్నీ ఒదలమంటాండావు. నీ కూతురు పోతాదా, ఉంటాదా?"

నేను నా భార్యను చూసినాను. ఆమె సంటోన్ని ఒళ్లో వేసుకొని నేల చూస్తోంది. ఇంట్లో ఈ మాట మూడు నాలుగుసార్లు అయింది. ప్రతిసారీ ఒకేచోట ఆగింది.

"దాన్ని ఒదిలిపెట్టి పోయేదానికి నాకేమీ అడ్డం లేదు" అని ఆమె అందరి ముందూ అనింది. "గోడ నేనూ చూసినా. కానీ వీడు ఇంకా పాలు మానలేదు. ఊళ్లో ఒదిలితే ఉండడు. ఆడికి తెస్తే నేను కాయలు కోసేటప్పుడు వీన్ని ఎవరు చూస్తారు? ఈయప్ప చూస్తాడా?"

అందరూ నవ్వినారు.

"చూస్తా" అన్నాను.

ఇంకా గట్టిగా నవ్వినారు. వెనక నుంచి ఎవరో, "ఏమప్పా, పాలు కూడా నువ్వే ఇస్తావా?" అన్నారు. నేను చెప్పే మాట కన్నా బాగుంది, ఒప్పుకోవాల. నవ్వు తగ్గేదాకా ఆగినాను. తగ్గింది. నేను నవ్వడం లేదని ఒక్కొక్కరికీ కనపడింది. మా ఊళ్లో నా మాట నిజమని తెలిసేదానికి అంత సేపు పడుతుంది.

"నీ కాలు?" అనింది నా భార్య మెల్లగా.

"బిడ్డను కాలితో ఎత్తుకుంటామా ఏంది."

టెంపో రోజు కూతురు బడి గేటు దగ్గర నిలబడింది. అవ్వ చేయి పట్టుకోలేదు, పక్కన నిలబడింది. ఏడవలేదు. ఏడ్చింది వాళ్ల తమ్ముడు. అన్నేళ్లు అంగడి నుంచి చూసిన టెంపోలోకి నేనూ ఎక్కి, దాంట్లో నుంచి అంగడిని చూసినాను. పలకలు మూసేసి ఉంది. బెంచీ కింద కుక్క.

ఆడ నాకు పని దొరికినట్లే. చేను గట్టున వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టుకున్నాను. మావాన్ని చూసి పక్క గుడిసె ఆమె తన బిడ్డనూ తెచ్చి పడుకోబెట్టింది. తర్వాత ఇంకొకామె. మగోళ్లు నీళ్లు తాగేదానికి వచ్చి "ఆయమ్మా, బిడ్డలు బాగుండారా?" అని పోయేవాళ్లు. నేను "మీకన్నా బుద్ధిగా ఉండారు" అనేవాన్ని. అంతే, మళ్లీ సాళ్లలోకి పోయేవాళ్లు. ఎర్రటి చేలో దూరంగా తలగుడ్డలు కదిలేవి, మాటలు గాలికి ముక్కలు ముక్కలుగా వచ్చేవి. ఏదో చెప్పుకొని నవ్వుతున్నారని తెలిసేది, ఏమి చెప్పుకున్నారో తెలిసేది కాదు.

నా ముందర ఉన్నవాళ్లు నేను చెయ్యి ఊపినా నవ్వేవాళ్లు, తుమ్మినా నవ్వేవాళ్లు. అంత మంచి సభ నాకు ఎన్నడూ దొరకలేదు. ఒక్కరికీ మాటలు రావు. పొద్దుగుంకితే తల్లులు వచ్చి ఎవరి బిడ్డను వాళ్లు ఎత్తుకుపోయేవాళ్లు. నా భార్య వచ్చి మజ్జిగ చట్టిలో చేతులు ముంచుకొని కూర్చునేది. మిరపమంట తగ్గేదాకా మాట్లాడేది కాదు. తగ్గినాక నిద్రపోయేది.

నెలకోసారి సార్ ఫోన్లో గోడ ఫోటో పంపించేవాడు. మొదటిసారి చూసినప్పుడు మేకులు కనపడినాయి గానీ రంగులు కనపడలేదు. ఏడాదిన్నర ఎండకు దారాలన్నీ వెలిసి ఒకటే మాదిరి అయినాయి. పసుపు ఏదో, తెలుపు ఏదో నాకు తెలియలేదు. ఫోటోను పెద్దది చేసి, ఎండకు అడ్డంగా తువ్వాల కప్పుకొని వెతికినాను. దొరకలేదు. ఫోన్ చేసినాను.

"సార్, మాది ఏది?"

"పైనుంచి రెండోదన్నా."

నేను అడుగు నుంచి వెతుకుతున్నాను.

దీపావళి మేకు దాటి, ఏ కొసా వేలాడకుండా, దారాలన్నీ కుడివైపుకు పోతున్నాయి. మాది కథ గీత మీద ఉంది. పోయిన ఏడు తెగిన చోటు ఎడమపక్కన అట్లనే ఉంది, చూస్తే కనపడుతుంది. సార్ ఫోన్ మా కూతురికి ఇచ్చినాడు.

"నాయనా, చదువుతా విను" అని మొదలుపెట్టింది. పాఠం ఏదో నక్కది. ముక్కలు ముక్కలుగా కూడబలుక్కొని చదివే గొంతు నాకు గుర్తు. ఇది అది కాదు. ఆగకుండా, ఊపిరి యాడ తీసుకోవాల్నో ఆడ తీసుకుంటూ చదువుతోంది. నాకు ఉండబట్టలేదు. "ఆ నక్కకు ఎడమకాలు కుంటిదంటనా?" అన్నాను.

"నాయనా, మధ్యలో మాట్లాడొద్దు. అర్థం పోతాది."

నోరు మూసుకున్నాను. చదివింది. అయిపోయినాక పుస్తకం మూసిన చప్పుడు వినపడింది. ఇప్పుడు సొంత మాటల్లో చెప్తుందేమో అని ఎదురుచూసినాను. "సార్ పిలుస్తాండాడు నాయనా, అందరం కూర్చోవాలంట. పెట్టేస్తాండా" అనింది. తమ్ముని గురించి అడగలేదు. పోయిన ఏడు ఈపాటికి వాడు దాని చంకలోనే ఉండేవాడు.

ఫోన్ ఆగినాక కూడా కాసేపు చెవి దగ్గరే పెట్టుకున్నాను. నా భార్య మజ్జిగ చట్టిలో నుంచి చేతులు తీయకుండానే అడిగింది.

"ఏమి చదివింది?"

"బాగా చదివింది."

"ఏమి చదివిందంటే?"

చెప్పబోయినాను. నక్క ఉంది, దాని తర్వాత ఏదో చెరువు వచ్చింది. అది చదువుతున్నంతసేపూ నేను దాని గొంతే విన్నాను గానీ కథ వినలేదు.

"ఊరికి పోయినాక అదే చెప్తాది" అన్నాను.

నేను ఇంకేమైనా అంటానేమో అని ఆమె కాసేపు చూసింది. తర్వాత చేతులు తుడుచుకొని పడుకుంది. ఉయ్యాలలో సంటోడు కదిలినాడు. తాడు పట్టుకొని ఊపినాను, వాడు నిద్రపోయేదాకా.